హైస్కూల్లోనే కాలేజీ కోర్సులు: ఫీజు రాష్ట్రం కడితే పుస్తకాలు ఎవరు కొనాలి?

అమెరికాలో పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఏటా చలికాలం చివర్లో ఒక చర్చ మొదలవుతుంది. వచ్చే ఏడాదికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు (స్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చెప్పి చివర్లో పరీక్ష పెట్టేవి) ఎంచుకోవాలా, లేక దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒకటి రెండు కోర్సులు చేయించాలా? కాలేజీ వైపు మొగ్గు చూపగానే ఇంట్లో ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో స్కాలర్‌షిప్‌ల వేట మొదలుపెడతారు. గంటలు గడుస్తాయి. దొరికేవన్నీ హైస్కూల్ పూర్తిచేసి డిగ్రీలో చేరబోయేవాళ్ల కోసం పెట్టినవే. ఇంకా హైస్కూల్లోనే ఉన్న విద్యార్థికి, ఒక్క కోర్సు కోసం డబ్బిచ్చేవాళ్లు చాలా తక్కువ.

వెతకాల్సిన చోటు అది కాదు. హైస్కూల్ విద్యార్థి కాలేజీ కోర్సుకయ్యే ఖర్చులో పెద్ద భాగాన్ని చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వమే భరిస్తుంది. దానికి స్కాలర్‌షిప్ అనే పేరుండదు, ఎవరూ చెక్కు రాసివ్వరు. రావాల్సిన బిల్లు రాదు, అంతే. ఆ సాయం కోసం రాయాల్సిన వ్యాసం, సేకరించాల్సిన సిఫారసు ఉత్తరం లేవు. హైస్కూల్ కౌన్సెలర్ సంతకం చేసిన ఫారం, మరికొన్ని మామూలు కాగితాలు చాలు. అయితే ఆ సాయం ఎక్కడ ఆగిపోతుందో, ఆగిన చోట ఎవరు వెనకబడిపోతున్నారో తెలుసుకోవడం కూడా అంతే ముఖ్యం.

ఈ పద్ధతికి డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అని పేరు. టెక్సాస్‌లో డ్యూయల్ క్రెడిట్ అంటారు, వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్, ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్, నార్త్ కరోలినాలో కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్ అంటారు. పేరేదైనా విషయం ఒకటే. ఒకే కోర్సు హైస్కూల్ డిప్లొమాకూ కాలేజీ క్రెడిట్‌కూ లెక్కకొస్తుంది. కోర్సు కాలేజీ క్యాంపస్‌లో ఉండొచ్చు, ఆన్‌లైన్‌లో ఉండొచ్చు, హైస్కూల్ గదిలోనే కాలేజీ ఆమోదించిన టీచర్ చెప్పొచ్చు. 2022-23లో దేశం మొత్తం మీద దాదాపు 25 లక్షల మంది హైస్కూల్ విద్యార్థులు ఇలా కాలేజీ కోర్సులు చదివారు. కమ్యూనిటీ కాలేజీల విద్యార్థుల్లో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరు ఇంకా హైస్కూల్ పిల్లలే.

కమ్యూనిటీ కాలేజీ అనగానే మన కుటుంబాల్లో కొంత చిన్నచూపు ఉంది. పెద్ద యూనివర్సిటీలో సీటు రానివాళ్లు వెళ్లే చోటు అనే అభిప్రాయం అది. ఒకప్పుడు అమెరికాలోనూ వీటిని జూనియర్ కాలేజీలు అనేవారు. ఇల్లినాయ్‌లోని జోలియెట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది, ప్రభుత్వ రంగంలో ఇదే అన్నిటికన్నా పాతది. అయితే మన ఇంటర్మీడియట్ జూనియర్ కాలేజీకీ దీనికీ పోలిక పేరు వరకే. ఇంటర్‌లో చెప్పేది పదకొండు, పన్నెండు తరగతుల చదువు. ఇక్కడ చెప్పేది డిగ్రీ మొదటి రెండేళ్ల చదువు. కాల్‌క్యులస్, ఇంగ్లిష్ కాంపోజిషన్, అమెరికా చరిత్ర, సైకాలజీ లాంటి కోర్సులు యూనివర్సిటీ మొదటి ఏడాదిలో ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉంటాయి. క్లాసులో పక్కన కూర్చున్న విద్యార్థికి పదిహేడేళ్లు ఉండొచ్చు, నలభై ఏళ్లు కూడా ఉండొచ్చు.

ఇక డబ్బు సంగతి. మొదట అందరూ అడిగేది ఫెడరల్ ప్రభుత్వ సాయం గురించే. ఆదాయం తక్కువున్న కాలేజీ విద్యార్థులకు తిరిగి కట్టనక్కర్లేకుండా ఇచ్చే పెల్ గ్రాంట్ ఈ పిల్లలకు రాదు. హైస్కూల్ పూర్తిచేసినవాళ్లకే ఆ గ్రాంట్ అన్నది నియమం. ఫెడరల్ సాయానికి దరఖాస్తు అయిన ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారం నింపినా ఆ దశలో ఉపయోగం ఉండదు. ఈ నియమాన్ని సడలిస్తే పేద పిల్లలకు మేలు జరుగుతుందేమో చూద్దామని 2016లో ఒబామా ప్రభుత్వం 44 కాలేజీలను ఎంపిక చేసి, సుమారు పది వేల మంది హైస్కూల్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ప్రయోగాత్మకంగా పెల్ గ్రాంట్ ఇవ్వడానికి సిద్ధపడింది. అందులో ఒక చిక్కుంది. పెల్ గ్రాంట్ జీవితకాలంలో 12 సెమిస్టర్లకు మించి రాదు. హైస్కూల్లో వాడుకున్నంత మేర తర్వాత డిగ్రీకి తగ్గిపోతుంది. పేద కుటుంబపు పిల్లవాడికి ఇవాళ సాయం చేసి రేపటి వాటాలోంచి కోసుకోవడం సరైన పరిష్కారం కాదు. అందువల్ల ఈ ఖర్చు మోయడానికి తగినవి రాష్ట్రాలే.

రాష్ట్రాల్లో ముందు నిలిచింది మిన్నెసోటా. 1985లోనే అక్కడ చట్టం వచ్చింది. ఆ రాష్ట్రంలో ట్యూషన్, ఫీజులు, పుస్తకాలు ఏవీ విద్యార్థి కొనక్కర్లేదు. హైస్కూల్‌కు ఆ విద్యార్థి పేరున వచ్చే డబ్బులో కొంత కాలేజీకి మళ్లుతుంది. ఫ్లోరిడా కూడా ప్రభుత్వ హైస్కూల్ పిల్లలకు ట్యూషన్‌తో పాటు పుస్తకాలనూ ఉచితం చేసింది. కాకపోతే కాలేజీ క్రెడిట్ కోర్సుకు 3.0 జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉండాలి. ఒహాయోలో ఏడో తరగతి నుంచే ఈ అవకాశం ఉంది, ప్రభుత్వ కాలేజీలో చదివే ప్రభుత్వ స్కూలు పిల్లలకు ట్యూషన్, పుస్తకాల బిల్లు రాదు.

జార్జియా కథ వేరు. ఒక దశలో అక్కడ ఈ పథకాన్ని వాడుకునేవాళ్లు విపరీతంగా పెరిగి రాష్ట్ర ఖజానాకు భారమైంది. 2020లో హౌస్ బిల్ 444 తెచ్చి, రాష్ట్రం కట్టేది మొత్తం 30 సెమిస్టర్ గంటల (అంటే 30 కాలేజీ క్రెడిట్ల) వరకే అని పరిమితి పెట్టారు. ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ ప్రాంతాల్లో తెలుగువాళ్లు ఎక్కువ. ఆ ఇళ్లలో పిల్లలు పదకొండో తరగతిలోనే కోర్సుల మీద కోర్సులు ఎంచుకుంటుంటారు. 30 గంటలంటే మామూలుగా పది కోర్సులు. వాటిని ఏ కోర్సులకు ఖర్చు పెడుతున్నారో ముందే ఆలోచించుకోకపోతే, నిజంగా పనికొచ్చే కోర్సు దగ్గరికి వచ్చేసరికి సొంత డబ్బు కట్టాల్సి వస్తుంది.

టెక్సాస్‌లో ఒక్కో కాలేజీది, ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్‌ది ఒక్కో లెక్క. ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ పిల్లలు చాలామంది కాలిన్ కాలేజీ కోర్సులు చదువుతారు. పక్క ఊరి స్నేహితుడికి ఉచితంగా వచ్చిన కోర్సు మనకూ ఉచితంగా వస్తుందనుకోవడానికి లేదు. 2023లో వచ్చిన హౌస్ బిల్ 8 ఒక మంచి పని చేసింది. ఫాస్ట్ అనే పథకం పెట్టి, గత నాలుగేళ్లలో ఎప్పుడైనా స్కూల్లో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హత ఉన్న పిల్లలకు, పథకంలో చేరిన కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్‌ను పూర్తిగా ఉచితం చేసింది. ఉద్యోగం పోయి ఇంటి ఆదాయం తగ్గిన ఏడాదిలో స్కూలు భోజనం ఫారం నింపడానికి మన కుటుంబాలు మొహమాటపడతాయి. భోజనం డబ్బాలో ఇంటి నుంచే తీసుకెళ్లినా ఫర్వాలేదు, ఆ ఫారం మాత్రం నింపాలి. ఈ అర్హత దాని మీదే ఆధారపడి ఉంది.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు ఫీజు యూనిట్‌కు (అంటే ఒక క్రెడిట్‌కు) 46 డాలర్లు. 2012 వేసవి నుంచి అదే రేటు. మూడు యూనిట్ల కోర్సుకు 138 డాలర్లు. టర్ములో 11 యూనిట్లకు మించకుండా చదివే హైస్కూల్ పిల్లలకు ఈ ఫీజును కూడా చాలా కాలేజీలు రద్దు చేస్తాయి. హెల్త్ ఫీజు లాంటి చిన్నచిన్నవి మిగలొచ్చు. 2015 నాటి అసెంబ్లీ బిల్ 288 ప్రకారం హైస్కూల్, కాలేజీ కలిసి ఒప్పందం చేసుకుని నడిపే కోర్సులైతే పుస్తకాల భారం కూడా పిల్లల మీద పడదు. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ కాలేజీలో గానీ, కూపర్టినోలోని డి ఆంజాలో గానీ ఒకే కోర్సు పేరు మీద ఈ రెండు దారులూ ఉండొచ్చు. ఏ దారిలో చేరారన్నదాన్ని బట్టి బిల్లు మారిపోతుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు రన్నింగ్ స్టార్ట్ 1990 నాటి చట్టంతో వచ్చింది. బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో చాలా తెలుగు కుటుంబాలకు ఈ పేరు సుపరిచితం. ట్యూషన్ ఒక పరిమితి దాకా ఉచితం. పుస్తకాలు, కాలేజీ ఫీజులు, రాకపోకలు మాత్రం విద్యార్థివే. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ఫీజు మినహాయింపు ఉంటుంది, అయితే అడిగి తీసుకోవాలి. పోల్చి చూస్తే, కాలేజ్ ఇన్ ద హైస్కూల్ పేరుతో స్కూల్ గదిలోనే చెప్పే కోర్సులను ఆ రాష్ట్రం 2023లో చట్టం చేసి ప్రభుత్వ సంస్థల్లో పూర్తి ఉచితం చేసింది.

ఈ రాష్ట్రాలన్నీ చూశాక ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ట్యూషన్ దగ్గర ఉదారంగా ఉన్న ప్రభుత్వాలు చాలా చోట్ల పుస్తకం దగ్గర చేయి వెనక్కి తీసుకుంటాయి. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే. వందల డాలర్ల ట్యూషన్ రద్దయింది. కానీ హోంవర్క్ చేయడానికి పబ్లిషర్ వెబ్‌సైట్ యాక్సెస్ కోడ్ కొనాలి. దాన్ని లైబ్రరీలో తీసుకోలేం, సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనలేం, ఒకసారి వాడితే దాని పని అయిపోయినట్టే. కెమిస్ట్రీకి ల్యాబ్ ఫీజు, గాగుల్స్, కోటు కావాలి. మధ్యాహ్నం కాలేజీకి వెళ్లడానికి కారు కావాలి, స్కూల్ బస్సు అక్కడికి వెళ్లదు.

ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఈ ఖర్చు ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది. మోటెల్లో పనిచేసే ఇంట్లో, గ్యాస్ స్టేషన్ నైట్ షిఫ్ట్ మీద నడిచే ఇంట్లో, ఒక్క జీతం మీద బతికే ఇంట్లో అది పెద్ద మొత్తమే. ఆ పిల్లవాడు అమ్మానాన్నలను అడగకుండానే కోర్సు వద్దనుకుంటాడు. చాలా రాష్ట్రాల్లో ఈ కోర్సులు చదివేవాళ్లలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లల వాటా వాళ్ల జనాభా కన్నా తక్కువగా ఉండటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మిగతావి సమాచారం అందకపోవడం, ఎంట్రన్స్ స్కోర్లు, స్కూల్లో కోర్సులే లేకపోవడం.

అసలైన స్కాలర్‌షిప్‌ల అవసరం ఇక్కడుంది. కమ్యూనిటీ కాలేజీలకు చాలావాటికి ఫౌండేషన్ అనే విభాగం ఉంటుంది. దాతల డబ్బుతో చిన్న స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. వాటిలో కొన్ని డిగ్రీలో నమోదైనవాళ్లకే పరిమితం, కొన్ని హైస్కూల్ పిల్లలకూ వర్తిస్తాయి. ఊరి రోటరీ క్లబ్, హైస్కూల్ పేరెంట్స్ సంఘం, స్థానిక క్రెడిట్ యూనియన్ లాంటివి ఇచ్చే చిన్న మొత్తాలను కూడా అడిగి చూడాలి. అమెరికాలోని తెలుగు సంఘాలు ఏటా ప్రతిభా పురస్కారాలు, పెద్ద స్కాలర్‌షిప్‌లు ఇస్తుంటాయి. అందులో కొంత పక్కన పెట్టి, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో హైస్కూల్ పిల్లల పుస్తకాల కోసం ఒక నిధి పెడితే అదే డబ్బు ఎక్కువమందికి అందుతుంది. వేదిక మీద ఒకరికి ఇచ్చే రెండు వేల డాలర్లు పాతికమందికి పుస్తకాలవుతాయి.

అంకుశం ఖర్చు తగ్గించుకునే మార్గాలు కూడా ఉన్నాయి. రైస్ యూనివర్సిటీ 2012లో మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్స్ పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్‌లో పూర్తి ఉచితం. చాలామంది ప్రొఫెసర్లు వాటితోనే పాఠం చెబుతున్నారు. కాలిఫోర్నియాలో పుస్తకం ఖర్చు లేని సెక్షన్లను కోర్సుల పట్టికలోనే గుర్తు పెట్టి చూపిస్తారు. ఒకే కోర్సుకు నాలుగు సెక్షన్లుంటే ఆ గుర్తున్న దాన్ని ఎంచుకోవడం వంద డాలర్ల స్కాలర్‌షిప్ గెలుచుకోవడంతో సమానం. చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసుకునే 529 ఖాతాలో డబ్బు దాచుకున్నవాళ్లకు 2025 జూలైలో వచ్చిన ఫెడరల్ చట్టం మరో వెసులుబాటు ఇచ్చింది. హైస్కూల్ పిల్లల డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ఫీజులను ఇప్పుడు ఆ ఖాతాలోంచి పన్ను లేకుండా కట్టొచ్చు.

హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లల గురించి విడిగా చెప్పాలి. మన కుటుంబాల్లో ఎక్కువ టెన్షన్ ఇక్కడే. ఈ వీసా మీద చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారనక్కర్లేదు. ప్రభుత్వ హైస్కూల్ పిల్లలకిచ్చే ట్యూషన్ మినహాయింపును చాలా రాష్ట్రాలు పౌరసత్వంతో ముడిపెట్టలేదు. ఫెడరల్ సాయం ఎలాగూ రాదు, కానీ ఈ దశలో అది పౌరులకు కూడా రాదు కాబట్టి తేడా లేదు. జాగ్రత్త పడాల్సింది కాలేజీ అప్లికేషన్‌లో వచ్చే రెసిడెన్సీ ప్రశ్న దగ్గర. వీసా పేరు చూడగానే కంప్యూటర్ నాన్-రెసిడెంట్‌గా నమోదు చేయొచ్చు, అప్పుడు యూనిట్ ఫీజు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాలిఫోర్నియాలో హెచ్-4 మీద ఉన్నవాళ్లు కూడా రాష్ట్ర నివాసులుగా గుర్తింపు పొందవచ్చు. ఏడాదికి పైగా అక్కడే ఉంటున్నట్టు తల్లిదండ్రుల పన్ను పత్రాలు, లీజు లాంటివి అడ్మిషన్స్ ఆఫీసుకు ఇవ్వాలి. బిల్లు చూసి భయపడి మానుకోకుండా, ఆ నమోదును సరిచేయించుకోవాలి.

హెచ్-4 పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ వీసా చెల్లదు. గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి ఉన్న కుటుంబాలకు ఇది నిద్ర పట్టనివ్వని లెక్క. ఎఫ్-1కు మారాక కొన్ని యూనివర్సిటీలు అంతర్జాతీయ విద్యార్థి ఫీజు అడుగుతాయి. హైస్కూల్లోనే 30 నుంచి 60 క్రెడిట్లు సంపాదించి, వాటిని అంగీకరించే ప్రభుత్వ యూనివర్సిటీలో చేరినవాళ్లు ఇరవయ్యో ఏటికో, ఇరవై ఒకటో ఏటికో డిగ్రీ ముగించగలరు. ఖరీదైన సెమిస్టర్లు అలా ఒకటి రెండు తగ్గినా ఇంటికి అది ఏ స్కాలర్‌షిప్‌కూ తీసిపోదు. వీసా సమస్యకు ఇది పరిష్కారం కాదు, ఖర్చుకు కొంత ఊరట మాత్రమే.

ఉచితంగా వచ్చిందని ఆలోచించకుండా చేరితే ప్రమాదం కూడా ఉంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షకు దాదాపు వంద డాలర్లు ఫీజు కట్టాలి, స్కోరు బాగా రాకపోతే దాన్ని యూనివర్సిటీకి పంపకుండా వదిలేయొచ్చు. కాలేజీ కోర్సులో వచ్చిన గ్రేడ్‌కు ఆ వీలు లేదు. పదహారేళ్ల వయసులో వచ్చిన సి గ్రేడ్ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. పిల్లల్ని డాక్టర్లను చేయాలనుకునే తల్లిదండ్రులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. అమెరికా మెడికల్ కాలేజీల ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థ ఏఎంసీఏఎస్, హైస్కూల్లో చదివిన కాలేజీ కోర్సుల గ్రేడ్లను కూడా అడుగుతుంది. జీపీఏ లెక్కలో అవీ కలుస్తాయి. ఇష్టం లేని పిల్లవాణ్ణి క్రెడిట్ల కోసం కాలేజీ కెమిస్ట్రీలో కూర్చోబెడితే ఆరేడేళ్ల తర్వాత ఆ గ్రేడ్ ఎదురొస్తుంది.

మధ్యలో మానేసినా లెక్కే. అదే కాలేజీలో తర్వాత చేరి ఫెడరల్ సాయం కోరితే, ఫెయిలైన, వదిలేసిన కోర్సులు, చదువు సరిగ్గా ముందుకు సాగుతోందా అని చూసే నియమంలోకి వస్తాయి. ఒహాయోలో ఫెయిలైన కోర్సు ఖర్చును కుటుంబం నుంచి వసూలు చేసే హక్కు స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఉంది, పేద కుటుంబాలకు మినహాయింపు ఉంటుంది. ఇంకొకటి, పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండకపోయినా కాలేజీలో విద్యా రికార్డుల హక్కు విద్యార్థిదే. 1974 నాటి ఫెర్పా చట్టం అలా చెబుతోంది. హైస్కూల్ పోర్టల్లో రోజూ మార్కులు చూడటం అలవాటైన తల్లిదండ్రులు ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాస్తే జవాబు రాకపోవచ్చు. గ్రేడ్ సంగతి పిల్లలే చెప్పాలి, ఇబ్బంది వస్తే ప్రొఫెసర్ దగ్గరికి పిల్లలే వెళ్లాలి. అంత పెద్దరికం వచ్చిందా లేదా అన్నది డబ్బు కన్నా ముందు చూసుకోవాల్సిన సంగతి.

క్రెడిట్లు ఎక్కడ చెల్లుతాయన్నది కూడా ముందే చూడాలి. టెక్సాస్‌లో 42 సెమిస్టర్ గంటల కోర్ కరికులమ్ ప్రభుత్వ సంస్థల మధ్య బదిలీ అవుతుంది. కాలిఫోర్నియాలో ఏ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చూపిస్తుంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు చాలావరకు హైస్కూల్ డిప్లొమాకు లెక్కకొచ్చిన కోర్సును మళ్లీ తమ డిగ్రీకి లెక్కించవు. అలాంటి చోటుకు వెళ్లాలనుకునే విద్యార్థికి ఈ కోర్సుల వల్ల అప్లికేషన్‌కు బలం వస్తుందేమో గానీ ఖర్చు తగ్గదు.

క్రెడిట్లు ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా (వేరే కాలేజీ నుంచి మారి వచ్చినట్టు) చూసి, ఫ్రెష్‌మన్‌లకు, అంటే డిగ్రీ మొదటి ఏడాదిలో కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లు ఇవ్వరేమో అన్న భయం చాలామందికి ఉంది. హైస్కూల్లో ఉండగా సంపాదించిన క్రెడిట్లు ఎన్ని ఉన్నా యూనివర్సిటీలు సాధారణంగా ఫ్రెష్‌మన్‌గానే తీసుకుంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా నియమం అదే. హైస్కూల్ పట్టా చేతికొచ్చాక వేరే కాలేజీలో మామూలు సెమిస్టర్‌కు చేరితే మాత్రం పరిస్థితి మారుతుంది. పెద్ద మొత్తం స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా ఫ్రెష్‌మన్‌లకే ఉంటాయి కాబట్టి, పన్నెండో తరగతి తర్వాత వేసవిలో ఇంకో కోర్సు చేయాలనుకుంటే చేరబోయే యూనివర్సిటీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

చివరగా సమయం. కాలిఫోర్నియాలో హైస్కూల్ విద్యార్థులకు రిజిస్ట్రేషన్ వరస మామూలుగా అందరికన్నా ఆఖర్న వస్తుంది. వాళ్ల వంతు వచ్చేసరికి మంచి సెక్షన్లు, పుస్తకం ఖర్చు లేనివి ముందే నిండిపోతాయి. కౌన్సెలర్ సంతకం, తల్లిదండ్రుల సంతకం, కాలేజీ ఐడీ, మ్యాథ్ స్థాయి నిరూపణ, రెసిడెన్సీ కాగితాలు ఇవన్నీ ఆ వంతు రాకముందే సిద్ధంగా ఉండాలి. వేసవి కోర్సుకైనా, ఆగస్టు సెమిస్టర్‌కైనా ఫిబ్రవరిలోనే కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకుని మూడు ప్రశ్నలు అడగాలి: ఈ కోర్సు ఏ ఒప్పందం కింద నడుస్తోంది, ట్యూషన్ కాక ఇంకేం కట్టాలి, పుస్తకాలు ఎవరిస్తారు? మూడోదానికి మనమే కొనాలని జవాబొస్తే, అక్కడి నుంచే కాలేజీ ఫౌండేషన్ ఆఫీసుకు ఫోన్ చేయాలి.